నలుగురం, మూడు నగరాలు, బస ఖర్చు: నా అనుభవం

విదేశీ ప్రయాణం అనగానే అందరూ విమానం టికెట్లు ఎంతకి దొరికాయని అడుగుతారు. నలుగురు కలిసి వెళ్తే టికెట్లకెంతో బసకీ దాదాపు అంతే అవుతుందని నాకు కాగితం మీద లెక్క వేశాకే తెలిసింది. టికెట్ ధరలో మనం చేయగలిగింది కొంతే. ఏ ఊళ్లో ఎన్ని రాత్రులు ఉండాలి, ఎలాంటి చోట పడుకోవాలి అన్నది మాత్రం మన చేతిలోనే ఉంది. అందుకే నా ఓపికంతా అక్కడే ఖర్చు పెట్టాను. వెళ్లేది నేను, మా ఆయన, కాలేజీలో చదివే మా అమ్మాయి, మా అత్తగారు. చూడాలనుకున్నవి హంగరీలోని బుడాపెస్ట్, ఆస్ట్రియాలోని వియన్నా, ఇటలీలోని వెనిస్.

గదుల కోసం వెతకడానికి ముందు తేదీలతో కుస్తీ పట్టాం. మొదట మే నెల అనుకుని, చివరికి సెప్టెంబర్ రెండో సగానికి జరిపాం. దానికి ముఖ్య కారణం వియన్నా. ఆస్ట్రియాలో యూనివర్సిటీలు అక్టోబర్‌లో తెరుస్తారు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా ఖాళీగా ఉండే కొన్ని స్టూడెంట్ హాస్టళ్లు హోటళ్లలాగే గదులు అద్దెకిస్తాయి. వెనిస్ ఫిల్మ్ ఫెస్టివల్ కూడా సెప్టెంబర్ మొదటి సగంలోనే అయిపోతుంది కాబట్టి ఆ రద్దీ తగలదు. మా అమ్మాయి మ్యూనిక్ కూడా కలుపుదామంది. సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కడ అక్టోబర్‌ఫెస్ట్ అనే పెద్ద బీర్ పండగ. పేరులో అక్టోబర్ ఉన్నా మొదలయ్యేది సెప్టెంబర్‌లోనే. గదుల ధరలు చూసి తనే ఆ మాట వెనక్కి తీసుకుంది. బార్సిలోనాలో మొబైల్ కాంగ్రెస్ అనే ఫోన్ల కంపెనీల ప్రదర్శన, ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుస్తక ప్రదర్శన జరిగే వారాల్లోనూ ఇదే పరిస్థితి. ఊరు ఖరారు చేసుకునే ముందు ఆ వారం అక్కడ ఏం జరుగుతోందో ఒకసారి చూసుకుంటే చాలా డబ్బు మిగులుతుంది.

వీసా అవసరమైనవాళ్లకి రాత్రుల లెక్క ఇంకో రకంగా కూడా ముఖ్యం. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంజెన్ వీసాకి ఎక్కువ రోజులు ఉండబోయే దేశానికే దరఖాస్తు పెట్టాలి. సమానంగా ఉంటే మొదట అడుగుపెట్టే దేశానికి. మాకు వియన్నాలోనే ఎక్కువ రాత్రులు వచ్చేలా చూసుకున్నాం కాబట్టి ఆస్ట్రియాకి పెట్టాం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపోయే ఇన్సూరెన్స్‌తో పాటు బస ఆధారాలు కూడా అడుగుతారు. వీసా చేతికి రాకుండా డబ్బు వాపసు రాని గదులు బుక్ చేయడం నాకు ధైర్యం చాలని పని. అందుకని అన్నీ ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నవే తీసుకున్నాను. వాటికి కాస్త ఎక్కువ పెట్టాల్సి వచ్చినా టెన్షన్ లేదు. పైగా మధ్యలో ధర తగ్గితే కొత్తగా బుక్ చేసి పాతది వదిలేయొచ్చు. వియన్నాకి అలాగే చేశాను. వీసాకి ఇచ్చిన బస కాగితాలు ఉత్తుత్తివి కాకూడదు కాబట్టి, మార్చిందేదైనా వీసా వచ్చాకే మార్చాను.

బుడాపెస్ట్‌లో అపార్ట్‌మెంట్ అనుకున్నాం. నలుగురికి హోటల్ అంటే రెండు గదులు తప్పవు, అపార్ట్‌మెంట్ అయితే ఒకటే అద్దె. పైగా వంటగది ఉంటుంది. కానీ అక్కడ కనిపించే రాత్రి ధరని నమ్ముకుంటే కష్టం. క్లీనింగ్ ఫీజు ఎన్ని రాత్రులున్నా ఒక్కటే, కాబట్టి తక్కువ రాత్రులకి తీసుకుంటే అది బాగా బరువైపోతుంది. దాని మీద సర్వీస్ ఫీజు, పన్ను. నేను అన్నీ కలిపిన మొత్తాన్ని రాత్రులతో భాగించి, మళ్లీ మనుషులతో భాగించి చూశాను. జాబితాలో పైనున్నవి కిందికి, కిందున్నవి పైకి పోయాయి. అంతకన్నా ముఖ్యం లిఫ్ట్. యూరప్‌లో ఫస్ట్ ఫ్లోర్ అంటేనే గ్రౌండ్ మీది అంతస్తు. బుడాపెస్ట్ పాత భవనాల్లో కొన్నిటికి ఆ రెంటి మధ్యలో అర అంతస్తు కూడా ఉంటుంది. “ఎన్ని మెట్లమ్మా?” అని మా అత్తగారు ముందే అడిగారు. ఓనర్‌కి మెసేజ్ పెట్టి, లిఫ్ట్ పని చేస్తోందని రాతపూర్వకంగా జవాబొచ్చాకే బుక్ చేశాను.

ఇలా టూరిస్టులకి కొద్ది రోజులకి అద్దెకిచ్చే ఇళ్లకి నిబంధనలు ఊరూరా మారిపోతున్నాయి. బుడాపెస్ట్‌లోనే టెరెజ్‌వారోష్ అనే ఆరో జిల్లా 2026 జనవరి నుంచి వీటిని వద్దంది. బార్సిలోనా 2028 చివరికల్లా టూరిస్ట్ ఫ్లాట్ల లైసెన్సులన్నీ ఆపేస్తానంటోంది. న్యూయార్క్‌లో 30 రోజుల లోపు అద్దెకిచ్చేటప్పుడు ఓనర్ కూడా ఆ ఇంట్లోనే ఉండాలి. లిస్టింగ్‌లో రిజిస్ట్రేషన్ నంబర్ ఉందో లేదో చూడటం అలవాటు చేసుకున్నాను. అది అనుమతి లేని ఇళ్లనే కాదు, అసలు లేనే లేని ఇళ్లని కూడా పక్కన పెట్టేస్తుంది.

వియన్నా స్టూడెంట్ హాస్టల్ గదుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. శుభ్రంగా, సాదాగా, చదువుకునే బల్లతో సహా ఉన్నాయి. యూ-బాన్ (మెట్రో రైలు) స్టేషన్ దగ్గర్లోనే.

వెనిస్ దగ్గరే అసలు చర్చ నడిచింది. ద్వీపం మీద గదులు ప్రియం. మా ఆయన పక్క ఊరు పాదువాలో ఉందామన్నారు. రైల్లో అరగంట లోపే కదా అని. నేను ద్వీపానికి ఎదురుగా ఒడ్డున ఉన్న మెస్ట్రేకి మొగ్గాను. వెనిస్‌కి పది పన్నెండు నిమిషాల ప్రయాణం, రైళ్లు రాత్రి పొద్దుపోయేదాకా ఉంటాయి. రోజూ నలుగురికి రానూపోనూ టికెట్లు కలిపి చూస్తే పాదువాలో మిగిలేదేమీ లేదు. ఇంకో విషయం. 2024 నుంచి వెనిస్‌లో కొన్ని రోజుల్లో పగటి పూట వచ్చిపోయేవాళ్ల దగ్గర ప్రవేశ రుసుము తీసుకుంటున్నారు. మెస్ట్రే వెనిస్ మున్సిపాలిటీలోనే ఉంది కాబట్టి అక్కడ బస చేసేవాళ్లకి మినహాయింపు. పాదువా దాని బయట. మేం వెళ్లిన సెప్టెంబర్‌లో ఆ రుసుము లేదు. మే నెలలో వెళ్లేవాళ్లకి మాత్రం ఇది లెక్కలోకి వస్తుంది.

మెస్ట్రేలో స్టేషన్ దగ్గరున్న హాస్టల్లో నలుగురి గది తీసుకున్నాం. “హాస్టల్లో ఉండే వయసా నాది?” అన్నారు మా అత్తగారు. “గది మనదే అత్తయ్యా, బాత్రూమ్ కూడా గదిలోనే” అన్నాక ఒప్పుకున్నారు. ఇప్పుడు చాలా హాస్టళ్లకి గరిష్ఠ వయసు పరిమితి లేదు, ఫ్యామిలీ గదులూ ఉన్నాయి. అయితే టవల్ అద్దె విడిగా వేస్తారేమో, రిసెప్షన్ రాత్రి మూస్తారేమో ముందే కనుక్కోవాలి.

వియన్నా నుంచి వెనిస్‌కి నైట్‌జెట్ అనే రాత్రి రైలెక్కాం. నలుగురం ఒక కూపే మొత్తం తీసుకున్నాం. రాత్రి రైలంటే ఒక రాత్రి గది అద్దె మిగిలినట్టేనని చాలామంది చెబుతారు. నేను పూర్తిగా ఒప్పుకోను. ఆలస్యంగా కొంటే కూపే ధర గది అద్దెని దాటిపోతుంది. పైగా పొద్దున్నే దిగితే చెక్-ఇన్ మధ్యాహ్నం దాకా ఇవ్వరు. లగేజీ హాస్టల్లో పెట్టుకోనిచ్చారు కాబట్టి మాకు సరిపోయింది. మా అత్తగారికి కింది బెర్త్ దొరకడం అన్నిటికన్నా నయం.

బయల్దేరే ముందు ఒక చిన్న అలజడి. బుకింగ్ సైట్‌లోని మెసేజ్ బాక్స్‌లోనే, మేం బుక్ చేసుకున్న ఒక హాస్టల్ పేరుతోనే, కార్డు మళ్లీ ధ్రువీకరించకపోతే గది రద్దవుతుందని లింక్ వచ్చింది. మా బుకింగ్ వివరాలన్నీ అందులో సరిగ్గానే ఉన్నాయి. ఆ లింక్ ముట్టుకోకుండా ఆ హాస్టల్ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబర్‌కి ఫోన్ చేశాను. తాము ఏమీ పంపలేదన్నారు. హోటళ్ల లాగిన్లు దొంగిలించి ఇలాంటివి పంపుతారట. అదే ఫోన్‌లో నేరుగా బుక్ చేస్తే ఎంతని అడిగాను. సైట్ కన్నా తక్కువే చెప్పి, బ్రేక్‌ఫాస్ట్ కలిపారు. 2024 నుంచి యూరోపియన్ యూనియన్‌లో బుకింగ్.కామ్ “మాకన్నా తక్కువకి అమ్మొద్దు” అని హోటళ్లని కట్టడి చేయడానికి వీల్లేదు. అందుకే ఇప్పుడు ఫోన్ చేసి అడగడం దండగ కాదు. ఆ రాత్రులకి సైట్‌లో రద్దు చేసి నేరుగానే తీసుకున్నాను.

ఇక మిగిలింది సిటీ ట్యాక్స్, అంటే బస చేసే టూరిస్టులు ఆ ఊరికి కట్టే పన్ను. ఇటలీలో ఇది మనిషికి, రాత్రికి ఇంతని ఉంటుంది, చాలా చోట్ల బస చేసే చోటే కట్టాలి. ఆమ్‌స్టర్‌డామ్‌లో అయితే గది ధర మీద 12.5 శాతం. బుకింగ్‌లో కలిసిందో లేదో మూడు చోట్లా ముందే రాయించుకున్నాను. మెస్ట్రేలో కార్డు పెట్టగానే మిషన్ యూరోల్లోనా, మీ కరెన్సీలోనా అని అడిగింది. యూరోలే నొక్కాలి, రెండోది నొక్కితే మారకపు రేటు వాళ్లిష్టం. రసీదు తీసుకుని తాళం అందుకున్నాం.