అదే గ్యాప్ ఎందుకు?

"బాటమ్ క్వార్క్ చార్మ్ కన్నా మూడింతలు బరువు గదా, మరి గ్యాప్ ఏమిటికి మారలేదు సార్?" ఈ పొద్దు అనంతపురంలో ఎమ్మెస్సీ క్లాసులో ఒకమ్మాయి అడిగింది. ఎంత మంచి ప్రశ్న! క్వార్కులంటే ప్రోటాన్ లాంటివి తయారయ్యే మూల కణాలు; చార్మ్, బాటమ్ వాటిలో రెండు రకాలు. గ్యాప్ అంటే క్వార్క్, దాని యాంటీక్వార్క్ కలిసిన జంటకు అడుగు స్థాయికీ పై స్థాయికీ ఉండే శక్తి తేడా.

చార్మ్ జంట జే/సై 3.097 జీఈవీ (శక్తి కొలత, వెయ్యి ఎంఈవీలు ఒక జీఈవీ), దాని పై స్థాయి 3.686. తేడా 589 ఎంఈవీ. బాటమ్ జంట అప్సిలాన్‌కు 9.460, 10.023. తేడా 563.

జంటలోని రెండూ దగ్గర్లో ఉంటే వాటి మధ్య కూలుంబ్ తరహా ఆకర్షణ, అంటే విద్యుదావేశాల మధ్య ఉండేలాంటిది. అదొక్కటే ఉంటే బరువుతోపాటు గ్యాప్ పెరగాలి. దూరం జరిగితే ఫెర్మీకి (మీటరులో 10^-15 వంతు) సుమారు 0.9 జీఈవీ చొప్పున శక్తి పెరుగుతూ పోతుంది. అదొక్కటే ఉంటే బరువు పెరిగేకొద్దీ గ్యాప్ తగ్గాలి. చార్మ్, బాటమ్ దగ్గర ఈ రెండు ప్రభావాలూ ఒకదాన్నొకటి దాదాపు రద్దు చేసుకుంటాయి, అందుకే గ్యాప్ పెద్దగా మారదు.

లెక్క వేసి చూసేవాళ్లు ష్రోడింగర్ సమీకరణంలో (క్వాంటమ్ శక్తి స్థాయిలను ఇచ్చే సమీకరణం) క్వార్క్ ద్రవ్యరాశిలో సగమే పెట్టాలి, జంటలో రెండూ ఒకే బరువు గనక. దూరం సున్నా దగ్గర మొదలుపెడితే ప్రోగ్రామ్ ఆగిపోతుంది, 0.001 ఫెర్మీ నుంచి మొదలుపెట్టండి.