బాపు దవడ పన్ను

గురువారం, రాత్రి 9:30

మొత్తానికి బాపు పన్ను ఇవాళ ఊడింది. ఆయన మాటల్లో అయితే "పీడ పోయింది".

పది రోజులుగా కుడి దవడ పట్టుకుని కూర్చుంటున్నాడు. లవంగం పెట్టాడు, తంబాకు పెట్టాడు, నాకు చెప్పకుండా మెడికల్ షాపులో నొప్పి గోలీలు తెచ్చుకుని మింగాడు. పరకాల దిక్కు ఎవరో 200 తీసుకుని కూర్చున్న కాడనే గుంజేస్తాడట, అక్కడికే పోదామని ఒకటే పట్టు. ఈయనకేమో షుగరు, దానికి తోడు రెండేళ్ల కింద గుండెకు స్టెంటు పడింది. రోజూ రక్తం పలచన చేసే గోలీ వేసుకోవాల్సిందే.

సోమవారం హన్మకొండలో ఒక క్లినిక్‌కు తీసుకుపోయా. ఏసీ, చేపల తొట్టి, గోడ నిండా నవ్వే ముఖాలు. డాక్టరు టార్చి కొట్టి చూసి, "పది నిమిషాల్లో పీకేద్దాం. ఆ జాగాలో ఇంప్లాంట్ వేయించుకోండి, ఈ నెల ఆఫరుంది" అన్నాడు. ఏమేం మందులు వాడుతున్నారని అడుగుతాడేమోనని చూశా. అడగలేదు. నేనే చెబితే, తల కూడా ఎత్తకుండా, "అయితే ఐదు రోజులు ఆపేయండి" అన్నాడు. నన్నడగకుండా ఒక్క పూట కూడా ఆ గోలీ మానొద్దని గుండె డాక్టరు చెప్పి పంపిన మాట మర్చిపోలేదు నేను. చెప్పులేసుకుని వచ్చేశాం. ఆటోలో బాపు నాతో మాట్లాడలేదు.

రెండోది నయీంనగర్‌లో, మెట్లెక్కిపోవాలి. మా స్కూల్లో సైన్స్ మేడం చెప్పింది. చేపలు లేవు. డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కాగితం మాత్రం ఫ్రేము కట్టించి గోడకు పెట్టారు. డాక్టరమ్మ నోరు తెరవమనే ముందు పావుగంట ప్రశ్నలే. షుగరు ఎంతుంది, స్టెంటు ఎప్పుడు, ఏ గోలీ ఏ పూట, దెబ్బ తగిలితే రక్తం తొందరగా ఆగుతుందా, ఏ సూదైనా పడలేదా. చిన్న ఎక్స్‌రే తీసి, వేరు కొస వంకర తిరిగిందని చూపించింది. "ఇది నేను తీయను. గురువారం మా దగ్గరికి సర్జన్ వస్తారు, ఎండీఎస్. ఆయనతో తీయిద్దాం" అంది. నా ముందే గుండె డాక్టరుకు ఫోన్ చేసింది. గోలీ ఆపే పని లేదు, కుట్లు వేసి రక్తం ఆపుకోవచ్చని తేల్చుకున్నారు.

బయటికొచ్చాక బాపు: "గీమెకేం దెల్వది బిడ్డా! అన్నీ మననే అడుగుతాంది. పైంగ ఇంకొకాయన ఒస్తడట!"

నాకైతే అప్పుడే ధీమా వచ్చింది. ఆ మాట బాపుతో అంటే ఇంకో గంట వాదన.

ఇవాళ పొద్దున పదింటికి రమ్మన్నారు. తిని, గోలీలు వేసుకుని రమ్మని రెండుసార్లు చెప్పినా, రక్త పరీక్ష అనుకున్నాడో ఏమో, పరగడుపున తయారయ్యాడు! కిందికి తీసుకుపోయి ఇడ్లీ తినిపించి మళ్లీ మెట్లెక్కించా. మత్తు సూదికి ఒక్కసారి "అబ్బా" అన్నాడంతే. పన్ను రెండు ముక్కలై వచ్చింది. రెండు కుట్లు, పైన దూది గుడ్డ, ముప్పావు గంట నోరు తెరవొద్దు. 800, ఎక్స్‌రే డబ్బులు వేరే.

రేపటిదాకా పుక్కిలించొద్దు, ఉమ్మొద్దు అన్నారు. గడ్డకట్టిన రక్తం ఊడొస్తే ఎముక బయటపడి, ఇప్పటికంటే ఎక్కువ నొప్పి లేస్తుందట. పుక్కిలించకపోవడం సరే, ఉమ్మకుండా ఉండటం బాపుకు శిక్షే. సాయంత్రం నుంచి మూడుసార్లు వాకిట్లోకి పోయి, నన్ను చూసి వెనక్కి వచ్చాడు.

తంబాకు బంద్ కాబట్టి డబ్బా దాచిపెడదామని తీశా. తేలిగ్గా ఉంది. మూత తీస్తే లోపల కాగితంలో చుట్టిన పన్ను ముక్కలు.

"ఇదేంది బాపూ?"

దవడ కదపకుండా పండ్ల సందుల్లోంచి అన్నాడు: "ఇంటి మీద ఏద్దామనుకున్న. పెంకుటిల్లాయె అప్పుడు. స్లాబు మీద ఏస్తే ఏం నిలుస్తది?"