ఫ్లోరెన్స్‌లో ఒక తీరు, రామప్పలో ఒక తీరు

"రామప్ప గుడిలో పది నిమిషాలు కూడా ఆగనివ్వలేదు, ఇక్కడేమో పొద్దుటి నుంచీ నిలబెట్టావ్. ఇంక నేను రాను" అనేసింది మా పెద్దది. ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ అనే పెద్ద బొమ్మల గ్యాలరీ చూసి బయటికొచ్చాక, అకాడెమియా అనే ఇంకో మ్యూజియంకి వెళ్లి మైకెలాంజెలో చెక్కిన డేవిడ్‌ని, ఆ బట్టల్లేని పాలరాతి విగ్రహాన్ని, కూడా చూసేద్దాం అన్నాను, అంతే. ఆ పక్క చౌరస్తాలో డేవిడ్ నకలు ఒకటి ఉంటుంది, దాన్ని చూపించి "ఇదిగో, చూసేశాం" అని దాని వాదన. అసలుది ఎండకీ వానకీ పాడవుతోందని 1873లో లోపలికి మార్చారు, ఇది 1910లో పెట్టిన నకలు అని చెప్పబోతే, "తేడా నీకు తెలుస్తుందా?" అంది. తెలియదు. కానీ టికెట్లు కొనేశాం. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకి టికెట్ ఉండదు, ఫ్రీగా వచ్చేది వదులుకోవడం నావల్ల కాదు. చివరికి అది వాళ్ల నాన్నతో ఐస్‌క్రీమ్‌కి పోయింది, చిన్నాణ్ని పట్టుకుని నేను లోపలికి పోయాను.

పిల్లలతో గ్యాలరీలకి వెళ్లేవాళ్లు అన్ని గదులూ తిరగొద్దు, ముందే నాలుగైదు బొమ్మలు అనుకుని అవి చూసి వచ్చేయండి. చాలా మందికి చెప్పాను ఈ మాట. నేను మాత్రం ఉఫీజీలో ఒక్క గది కూడా వదల్లేదు.

అక్కడ బొటిచెల్లి అనే చిత్రకారుడు వేసిన, ఒంటి మీద బట్టల్లేని వీనస్ దేవత బొమ్మ ముందు చిన్నాడు కిసుక్కుమన్నాడు. "ఇది ఆర్ట్ నాన్నా, నవ్వకూడదు" అని, 1480ల నాటి బొమ్మ అనీ, గాలి దేవుడు ఊదుతుంటే గవ్వ మీద ఒడ్డుకి వస్తోందనీ అప్పటికప్పుడు ఆడియో గైడ్‌లో విన్నదంతా అప్పజెప్పాను. మా ఆయనకి అర్జెంటుగా వరండా కప్పు మీది బొమ్మలు గుర్తొచ్చి అటు వెళ్లిపోయారు. పెద్దది నా చెవి దగ్గర, "ఇంట్లో సినిమాలో ముద్దొస్తే రిమోట్ వెతుకుతావ్ కదా" అంది. వినపడనట్టు ఊరుకున్నాను.

రామప్ప సంగతి దానికి అంత గుర్తుంటుందనుకోలేదు. అత్తగారిది హనుమకొండ, మొన్న ఇండియా వెళ్లినప్పుడు అందరం కార్లో పోయాం. 1213 నాటి గుడి, అంటే వీనస్ కంటే రెండున్నర శతాబ్దాలకి పైగా ముందుది. చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే అందగత్తెల శిల్పాలు. ఒకామెకి ఎత్తు మడమల చెప్పులున్నాయని చూసి ఇది ఎగిరి గంతేసింది, ఫొటో తీస్తానంది. ఒంటి మీద నగలు తప్ప పెద్దగా బట్టల్లేని ఆ బొమ్మలని మనవరాలు తల పైకెత్తి ఒక్కొక్కటే చూస్తోంది, పక్కనే మా మామయ్య చేతులు కట్టుకుని నిలబడ్డారు. నాకు టెన్షన్. "దండం పెట్టుకున్నావా? పద పద, ఎండెక్కింది, కాళ్లు కాల్తాయి" అని లాక్కొచ్చేశాను. ఎండ నిజమే. కానీ ఎండొక్కటే అయితే నీడలో నిలబెట్టేదాన్ని.

ఫ్లోరెన్స్‌లో మనల్ని ఎరిగినవాళ్లు ఎవరున్నారు? నా కళాదృష్టి అంతా అంతేనేమో, చుట్టాలు లేని చోట విశాలం. పిల్లలకి మాత్రం ఏం అర్థమవుతుంది? తెల్లవాళ్ల బొమ్మలైతే గంటలు గంటలు చూడాలి, మనవైతే దండం పెట్టి వచ్చేయాలి అనేగా. అలా కాదని విడమరిచి చెబుదామంటే, గుడిని మ్యూజియంలా చూడనివ్వడం నాకే పూర్తిగా ఇష్టమో కాదో తెలీదు. మా అమ్మ ఏ గుళ్లోనూ శిల్పి పేరు అడగలేదు, ప్రదక్షిణలు మాత్రం లెక్క తప్పేది కాదు.

ఇంతకీ అయిదు మీటర్ల డేవిడ్ దగ్గర చిన్నాడికి నచ్చింది కాలివేలు. 1991లో ఒకాయన సుత్తితో కొడితే విరిగిన వేలు, మళ్లీ అతికించారు. ఆ అతుకు కనపడుతుందేమోనని చుట్టూ తిరిగి వెతికాడు. నేను వాణ్ని నిలబెట్టి ఫొటోలు తీసుకున్నాను.

రాత్రి ఫ్యామిలీ గ్రూపులో చర్చి గుమ్మటం, ఆర్నో నది మీద పాత వంతెన, ఐస్‌క్రీమ్ ఫొటోలు పెట్టి, చివర డేవిడ్‌ది నడుము పైదాకా కత్తిరించి పెట్టాను. పెద్దది నవ్వే ఎమోజీలు వరసగా కొట్టింది. కాసేపటికి మామయ్య మెసేజ్: "చాలా బాగుందమ్మా. బొమ్మ మొత్తం పడేట్టు తీయలేదా?"

చూశాను. ఇంకా జవాబివ్వలేదు.