చేతులు గుర్తురాని శుక్రవారం

నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ పడిపోయే గిలియన్ బారే సిండ్రోమ్ వచ్చి తగ్గినవాళ్లని ఎప్పుడు కోలుకున్నారని అడిగితే ఒక తేదీ చెప్పడం కష్టం. ఆస్పత్రిలో చేరిన రోజు గుర్తుంటుంది, ఐసీయూ నుంచి వార్డుకి మార్చిన రోజు గుర్తుంటుంది. ఆ తర్వాతంతా ఇంచీ ఇంచీ నడకే. నాకు మాత్రం చెప్పుకోవడానికి ఒక రోజు దొరికింది. కార్తీకమాసంలో ఒక శుక్రవారం. ఆ రోజు ఆఫీసు, బజారు, టిఫిను, టీవీ తప్ప విశేషం ఏమీ లేదు.

విజయవాడలో పోస్టాఫీసు కౌంటర్లో పనిచేస్తాను. వేసవి చివర్లో విరేచనాలు పట్టుకున్నాయి, తగ్గాయి, మర్చిపోయాను. కొన్నాళ్లకి అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. ఒక సాయంత్రం బస్సు దిగి నడుస్తుంటే వెనక నుంచి ఎవరో "అమ్మా, మీ చెప్పు" అని పిలిచారు. కుడికాలి చెప్పు ఎప్పుడు జారిపోయిందో నాకు తెలియలేదు. దగ్గర్లో చూపించుకుంటే కాల్షియం తక్కువన్నారు, మాత్రలిచ్చారు. మర్నాటికి మెట్లెక్కలేకపోయాను. ఆ తర్వాత స్నానాల గదిలో పీట మీంచి లేవలేకపోయాను. జడ వేసుకుందామని చేతులెత్తితే సగంలోనే వాలిపోయాయి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. రెండు కాళ్లలోనూ ఒకేలా నీరసం మొదలై, రోజురోజుకీ పైకి పాకుతుంటే బలం మందులు వాడుతూ ఇంట్లో కూర్చోవద్దు. న్యూరాలజిస్టు, వెంటిలేటరు రెండూ ఉన్న ఆస్పత్రికి వెళ్లండి. ఏడాదికి లక్షమందిలో ఒకరికో ఇద్దరికో వచ్చే జబ్బు ఇది. 1916లో ఫ్రెంచి సైనికుల్లో చూసి రాసిన డాక్టర్ల పేర్లే దీనికి పెట్టారు. పుణెలో 2025 జనవరిలో ఒక్కసారిగా చాలామందికి వచ్చినప్పుడు మన పేపర్లలోనూ రాశారు. కడుపులో చేరిన సూక్ష్మజీవి మీద యుద్ధానికి బయల్దేరిన మన రక్షణ వ్యవస్థే, దారి తప్పి, నరాల మీదుండే పొరని కొట్టేస్తుంది. కరెంటు తీగ మీద తొడుగు ఊడిపోయినట్టన్నమాట. మెదడు చెప్పేది కండరానికి చేరదు. ఛాతీ కండరాల దాకా వెళ్తే ఊపిరికే ముప్పు.

ఐసీయూలో డాక్టరు గారు పూటపూటా వచ్చి ఒకటే అడిగేవారు. "గట్టిగా గాలి పీల్చుకోండమ్మా. ఇప్పుడు ఆపకుండా, ఒక్క ఊపిరిలో, ఒకటి నుంచి లెక్కపెట్టండి." ఇరవై దాటితే ఆయన ముఖం తేలిగ్గా ఉండేది. ఒక రాత్రి పన్నెండు దగ్గరే గాలి అయిపోయింది. ఆయనేమీ అనలేదు, నర్సమ్మకి కళ్లతో ఏదో చెప్పారు. కాసేపటికి వెంటిలేటరు తెచ్చి నా మంచం పక్కన పెట్టారు. దాన్ని చూస్తూ తెల్లవార్లూ లోపల్లోపల లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. దాని అవసరం రాకుండానే గట్టెక్కాను. ఈ జబ్బు వచ్చినవాళ్లలో అయిదుగురికి ఒకరైనా దాని మీదికి వెళ్లాల్సివస్తుందని తర్వాత తెలిసింది.

వెన్నులోంచి నీరు తీసి చూస్తే ప్రొటీను ఎక్కువగా ఉంది, కణాలు మామూలుగానే ఉన్నాయి. ఈ జబ్బు గుర్తు అదేనట. నరాల పరీక్షా ఈ జబ్బేనని చెప్పింది. ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించారు, మామూలుగా అయిదు రోజులిస్తారు. చాలా ఖరీదైన మందు. వేలమంది దానం చేసిన రక్తంలోని ప్లాస్మాని కలిపి తయారుచేస్తారట. నిలువుగా వేలాడుతున్న ఆ సీసాలోంచి చుక్కలు పడుతుంటే, ఎక్కడెక్కడివాళ్లో ఎవరెవరో నా ఒంట్లోకి వస్తున్నారనిపించి ఏడ్చాను. ఇప్పటికీ రక్తదాన శిబిరం బ్యానరు కనబడితే ఆగి దణ్ణం పెడతాను.

తర్వాతంతా ఫిజియోథెరపీ. మంచం అంచున కూర్చోవడం, వాకరు పట్టుకోవడం, గోడ పట్టుకోవడం. ఇంటికొచ్చే అమ్మాయి ఒకరోజు "ఆంటీ, ఇవాళ గోడని వదిలేద్దాం" అంది. కాళ్లు త్వరగానే మాట విన్నాయి, వేళ్లే మొండికేశాయి. గిన్నెలో శెనగలు పోసి ఒక్కొక్కటే ఏరించేది. జాకెట్టు హుక్కులు మా అమ్మాయే పెట్టేది, అన్నం మా ఆయన స్పూనుతో పెట్టేవారు. ఆయన కలిపే పప్పన్నంలో ఎప్పుడూ నెయ్యి ఎక్కువే.

ఇక ఆ శుక్రవారం.

అప్పటికి డ్యూటీలో చేరి కొన్నాళ్లయింది. పోస్టుమాస్టరు గారు నన్ను రద్దీ లేని పనిలో కూర్చోబెట్టారు. ఆ రోజు పక్క కౌంటరావిడ సెలవు పెట్టడంతో స్పీడ్ పోస్టు నా దగ్గరికి వచ్చింది. వరస బయట మెట్ల దాకా ఉంది. తూకం వేయడం, పిన్‌కోడ్ కొట్టడం, బార్‌కోడ్ అంటించడం, డబ్బులు తీసుకోవడం, చిల్లర ఇవ్వడం. మా డేట్ స్టాంపు బరువైనది, పిడి నున్నగా అరిగిపోయి ఉంటుంది. దాన్ని పిడికిట్లో బిగించి సిరా ప్యాడ్ మీద ఒకటి, కవరు మీద ఒకటి కొట్టాలి. చెయ్యి వణికితే తేదీ అలుక్కుపోతుంది. ఎప్పుడూ ఎంఐఎస్, అంటే నెలవారీ ఆదాయ పథకం, వడ్డీ కోసం వచ్చే పెద్దాయన తన కవరు అందుకుని, కళ్లజోడు సర్దుకుని చూసి, "తేదీ ఎంత స్పష్టంగా పడిందమ్మా" అన్నారు. అప్పుడు గానీ నాకు నా చేతులు గుర్తుకు రాలేదు. పొద్దుట్నుంచి అవి పని చేసుకుపోతున్నాయి, నేను వాటిని కనిపెట్టుకుని కూర్చోలేదు. లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను. సాయంత్రం క్యాష్ మొదటిసారికే టాలీ అయింది.

అమ్మాయికి ఫోన్ చేసి బీసెంట్ రోడ్డుకి రమ్మన్నాను. ఆ రోడ్డు మీద నడవడమే ఒక పరీక్ష. ఇటు తోపుడుబళ్లు, అటు పరిచిన నైటీలు, మధ్యలో జనం. అమ్మాయి మోచెయ్యి పట్టుకోబోతే "వదిలెయ్యవే, నేనొస్తాగా" అన్నాను. జబ్బు చేసినప్పట్నుంచి మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులే తొడుక్కోవాలని ఫిజియో అమ్మాయి ఆజ్ఞ. ఆ మధ్యనే, ఇక మామూలువి వేసుకోవచ్చంది. చెప్పుల షాపులో పట్టీ లేనివి, మెరూన్ రంగువి, వేసుకుని ఆ చివర్నుంచి ఈ చివరికి నడిచాను. బొటనవేలు ముందుభాగాన్ని బిగించి పట్టుకోవడం తెలుస్తోంది. చెప్పు జారలేదు. బేరం ఆడాల్సిన దాన్ని, చెప్పిన ధర ఇచ్చేశాను. అమ్మాయి ఆశ్చర్యంగా చూసింది.

మా ఆయన కూడా వచ్చాక గవర్నర్‌పేటలో టిఫినుకి వెళ్లాం. నేను పెసరట్టు చెప్పాను. పెసరట్టుని ఒంటిచేత్తో తుంచడం ఎంత పనో మామూలుగా ఎవరికీ తట్టదు. మధ్యవేలు, ఉంగరం వేలు అట్టుని నొక్కిపెట్టాలి, బొటనవేలు, చూపుడువేలు కలిసి లాగాలి. అంచు కరకరలాడుతూ విరిగింది, మధ్యలో మెత్తటి భాగం సాగి తెగింది. అల్లం పచ్చడిలో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాను. ఎదురుగా మా ఆయన తినడం ఆపేసి నా చేతివైపే చూస్తున్నారు. "చల్లారిపోతోంది, తినండి" అన్నాను. ఆయన ఇంకో ప్లేటు చెప్పారు.

ఇంటికొచ్చాక అమ్మాయి టీవీలో యూట్యూబ్ పెట్టి, "అమ్మా, శుక్రవారం అంటే మీకు టీవీలో చిత్రలహరి సినిమా పాటలు కదా" అంటూ పాత దూరదర్శన్ వీడియోలు వెతికింది. ఆ షెహనాయ్ రాగం, గుండ్రంగా తిరిగే ఆ గుర్తు రాగానే నాకు ఒళ్లు పులకరించింది. తర్వాత శాంతిస్వరూప్ గారు కనిపించారు. 1983 నవంబరు 14న తెలుగులో మొదటిసారి టీవీ వార్తలు చదివింది ఆయనే. 2024 ఏప్రిల్లో వెళ్లిపోయారు. ఎదుట తెర మీద అక్షరాలు నడిచే సదుపాయం లేని కాలంలో, చాలావరకు కంఠతా పట్టి, మన కళ్లలోకి చూస్తూ చెప్పేవారు. చిన్నప్పుడు నేనూ అన్నయ్యా ఆయనలా చదవాలని పోటీపడేవాళ్లం. నోటికొచ్చిన వాక్యం ఎంత పొడుగున్నా మధ్యలో గాలి తీసుకోకూడదని మా నియమం. ఆ రాత్రి ఆయన వెంట నేనూ అన్నాను, ఒక పొడుగాటి వాక్యం, మొదట్నుంచి చివరిదాకా. గాలి ఇంకా మిగిలింది.

కాళ్ల చివర తిమ్మిరి ఇంకా ఉంది. కొందరికి అది ఏళ్ల తరబడి ఉంటుందని డాక్టరు గారు ముందే చెప్పారు. సాయంత్రమయ్యేసరికి అలసట కూడా వస్తుంది, అప్పుడు పడుకుంటాను.

చిత్రలహరి ఏడున్నరకా, ఎనిమిదికా అని ఇంట్లో వాదన మొదలైంది. తేల్చమని కాకినాడలో ఉన్న అన్నయ్యకి ఫోన్ చేశాను. "నన్నడుగుతావేంటే, అది మొదలయ్యే వేళకి నేనెప్పుడూ డాబా మీద యాంటెన్నా పట్టుకునే ఉండేవాణ్ణి. కింద నుంచి నువ్వు 'వచ్చింది, కదలకు' అని అరిచేదానివి, నేను పాటలన్నీ వినడమే గానీ చూసిందెప్పుడు?" అన్నాడు. వచ్చే శుక్రవారం వదిననీ పిల్లల్నీ తీసుకుని వచ్చెయ్యమన్నాను. వంట నేనే చేస్తానని చెప్పాను.