చేదెక్కిన ఫ్రూట్ కస్టర్డ్

ఫ్రిజ్‌లోంచి గిన్నె తీసి ఒక్క చెంచా నోట్లో పెట్టుకుంటే... చేదు! పాలు మంచివే, పొడి మంచిదే. తీరా చూస్తే, పొద్దున రైతుబజారు నుంచి సంచిలో ఘుమఘుమలాడుతూ వచ్చిన సింహాచలం అనాసపండుదే ఈ నిర్వాకం.

ఉడికించని అనాసలో బ్రొమెలిన్ అనే ఎంజైమ్ ఉంటుంది. పాలలోని ప్రోటీన్‌ని ముక్కలు చేసేస్తుంది. ముందు చేదు, ఆనక నీళ్లు. బొప్పాయిదీ ఇదే బాపతు. అనాస ముక్కల్ని 2 చెంచాల పంచదారతో 5, 6 నిమిషాలు ఉడికించి, పూర్తిగా చల్లార్చి కలిపితే ఏ గొడవా లేదు. డబ్బా అనాసయితే ఆ పనీ అక్కర్లేదు, వేడి చేసే సీలు వేస్తారు.

అర లీటరు పాలకి 2 టేబుల్ స్పూన్ల కస్టర్డ్ పొడి, 4 స్పూన్ల పంచదార. పొడిని కాసిని చల్లటి పాలలోనే కలపాలి. వేడి పాలలో వేశారా, ఉండలే ఉండలు! మరిగే పాలలో పోస్తూ, సిమ్‌లో 3, 4 నిమిషాలు తిప్పాలి. గరిటె వెనక వేలితో గీస్తే గీత నిలవాలి, అంతే. పల్చగా ఉందని ఇంకో చెంచా పొడి వేయకండి, చల్లారితే చిక్కబడుతుంది. వేశారా, రేపు కత్తితో కోసుకోవాలి.

దానిమ్మ, ద్రాక్ష ముందే వేసుకోవచ్చు. అరటిపండు వడ్డించే ముందే. పుచ్చకాయ వద్దే వద్దు, అంతా నీరే.

ఆ చేదు గిన్నె ఇంకా సింకు పక్కనే ఉంది. పారబోయడానికి చేతులు రావట్లేదు.