యోమ్ కిప్పూర్ టికెట్టు, పాస్‌పోర్టులోని పేరు: నా అనుభవం

ఈ ఏడాది (2025) దేవీనవరాత్రులు ప్రారంభమైన సెప్టెంబరు 22 సాయంత్రమే యూదుల కొత్త సంవత్సరం రోష్ హషానా మొదలైంది. వారి ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ మహర్నవమి సాయంత్రం మొదలై విజయదశమి రాత్రికి ముగిసింది. వారి నెలలు కూడా చంద్రుణ్ణి బట్టే నడుస్తాయి, మన అధికమాసం వలెనే పంతొమ్మిదేళ్లలో ఏడుసార్లు వారూ ఒక నెల కలుపుకుంటారు కనుక ఇటువంటి కలయికలో వింతేమీ లేదు. న్యూజెర్సీలో మా అబ్బాయి ఇంట్లో ఉన్న నన్ను మా వియ్యపురాలు, అంటే కోడలి తల్లి, తమ ప్రార్థనామందిరమైన సినగాగులో జరిగే పండుగ కార్యక్రమాలన్నింటికీ రమ్మని ఆహ్వానించారు. ఆవిడను నేను వదినగారనే పిలుస్తాను; ఆ పిలుపు ఆవిడకూ అలవాటైంది.

కార్యక్రమాల పట్టిక చాలా పొడవుగా ఉంది. ఇంట్లో కలశం పెట్టుకున్నందువల్ల రోష్ హషానా ఆరాధనకు వెళ్లలేదు కానీ, ఆ మధ్యాహ్నం ఏటి ఒడ్డున జరిగే తష్లీఖ్‌కు వెళ్లాను. పారే నీటి దగ్గర ప్రార్థన చదివి, పాపాలను వదిలించుకుంటున్నామన్న భావంతో రొట్టె ముక్కలు నీటిలో వేస్తారు. దానికి టికెట్టు లేదు, ప్రశ్నలు లేవు.

యోమ్ కిప్పూర్‌కు మాత్రం టికెట్టు కావాలి. గుడికి టికెట్టేమిటని మొదట విసుక్కున్నాను. శనివారాలలోను, ప్రధానమైన పండుగలలోను వారు డబ్బు ముట్టరు కనుక ఆ రోజులలో హుండీ అన్నదే ఉండదు. ఎక్కువగా ఏడాదికి కట్టే సభ్యత్వ రుసుముతోనే సినగాగు నడుస్తుంది. ఏడాదంతా కనిపించనివారు సైతం ఆ ఒక్క రోజు వస్తారు కాబట్టి ఆసనాలు లెక్కపెట్టి టికెట్లు ఇస్తారు. కోడలు వెబ్‌సైటులో నా పేరు నమోదు చేసింది, టికెట్టు కాగితం చేతికి వచ్చింది. అంతవరకు ఏ చిక్కూ లేదు.

ఇబ్బంది అంతా గేటు దగ్గర ఎదురైంది. మనలో చాలామందికి ఉన్నట్లే నా పాస్‌పోర్టులో ఇంటిపేరు, అసలు పేరు కలిసి ఒకే గడిలో ఉన్నాయి. అటువంటివారికి అమెరికా వీసాలో మొదటి పేరు ఉండవలసిన చోట ఎఫ్‌ఎన్‌యూ అని, అంటే మొదటి పేరు తెలియదని, ముద్రిస్తారు. కోడలేమో ఇంట్లో పిలిచే నా పేరుకు తన భర్త ఇంటిపేరు చేర్చి నమోదు చేసింది. గేటు దగ్గరి కాపలా ఉద్యోగి టికెట్టును, వీసా పేజీని మార్చి మార్చి చూసి, నన్ను వరుసలోనుంచి తప్పించి పక్కన నిలబెట్టాడు. చేతిసంచి బల్లమీద బోర్లించి, రక్తపోటు మాత్రలను, కుంకుమ భరిణెను తిప్పి చూశాడు. విభూతి పొట్లం దగ్గర ఆగి, దాన్ని విప్పకుండానే వైర్‌లెస్‌లో ఇంకెవరినో పిలిచాడు. తెల్లబట్టలు కట్టుకున్న కుటుంబాలన్నీ నన్ను చూస్తూ లోపలికి వెళ్తున్నాయి. అబ్బాయికి ఫోను చేస్తే, నన్ను దించి వెళ్లి ఇండియావారితో మీటింగులో కూర్చున్నాడు కాబోలు, తీయలేదు. ముందుగా లోపలికి వెళ్లిన వదినగారు, కోడలు పవిత్రదినమని ఫోన్లు ఇంట్లోనే పెట్టి వచ్చారు. పిలవవలసిన ఇద్దరూ యాభై అడుగుల దూరంలోనే ఉన్నా పిలిచే దారి లేదు.

ఆ ఉద్యోగి నన్ను, "మీకు ఇంగ్లీషు వచ్చా? ఈ రోజు ఏ పండుగో తెలుసా?" అని అడిగాడు. గుంటూరులో డిగ్రీ కళాశాలలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని. ఇది తిష్రీ నెల పదవ తిథి అని, సూర్యాస్తమయానికి ముందే కోల్ నిద్రే అనే తొలి ప్రార్థన ప్రారంభించాలి కనుక తన ప్రశ్నలకు వ్యవధి లేదని, అతని ఇంగ్లీషు కన్నా శుభ్రమైన ఇంగ్లీషులోనే చెప్పాను. అతను మెచ్చుకోలేదు. చివరకు బల్ల దగ్గర స్వచ్ఛందంగా నిలబడిన ఒక ముసలాయన, మీరు ఎవరి అతిథి అని అడిగి, వదినగారి పేరు వినగానే లోపలికి వెళ్లి కోడలిని వెంటబెట్టుకు వచ్చాడు. ఆ ఒక్క ప్రశ్న మొదటే అడగడానికి ఏమి అడ్డొచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

లోపల అడుగుపెట్టేసరికి వారి పవిత్రగ్రంథమైన తోరా చుట్టలను ఎత్తి పట్టుకుని పెద్దలు నిలబడి ఉన్నారు. గాయకుడు అరామిక్ భాషలోని కోల్ నిద్రేను మూడవసారి అందుకుంటున్నాడు. దేవునికి చేసి నిలబెట్టుకోలేని మొక్కులనుంచి విముక్తి కోరే పాఠం అది. మూడుసార్లు పాడేందుకు ఆలస్యంగా వచ్చినవారికి సైతం వినిపించాలన్నది ఒక కారణమని వదినగారు తరువాత చెప్పారు. ఇది కన్సర్వేటివ్ శాఖవారి సినగాగు కాబట్టి స్త్రీపురుషులు కలిసే కూర్చున్నారు. ఆర్థడాక్సు శాఖలో విడివిడిగా కూర్చుంటారు. ఆ రోజు రాయడం కూడా నిషేధమే కనుక విరాళం ఇవ్వదలచినవారు కార్డు అంచున తాము ఇచ్చే మొత్తం అంకె ఉన్న చోట మడిచి ఇవ్వడం చూసి ముచ్చట పడ్డాను.

మరునాటి ఉదయం ఇంగ్లండులోని మాంచెస్టరులో ఒక సినగాగుపై దాడి జరిగి ఇద్దరు భక్తులు మరణించారని అబ్బాయి చెప్పాడు. 2018లో పిట్స్‌బర్గ్ సినగాగులో పదకొండు మందిని కాల్చి చంపిన సంగతీ నాకు తెలుసు. కాపలాకు కారణం ఉంది, ఒప్పుకుంటాను. పెద్దవారితో అలా మాట్లాడడానికి మాత్రం కారణం కనిపించదు. ఉపవాసం విషయంలో నన్ను ఎవరూ మించలేకపోయారని కూడా ఇక్కడే చెప్పాలి. మంచినీళ్లైనా ముట్టని ఇరవై అయిదు గంటల ఉపవాసంలో మధ్యాహ్నం బైబిలులోని యోనా గ్రంథం చదివే వేళకు చాలామంది వాడిపోయారు. నలభై ఏళ్లుగా ఏకాదశి చేస్తున్న నేను చివరి షోఫార్, అంటే పొట్టేలు కొమ్ము బూర, ఊదేవరకు, తలుపులు మూసే ప్రార్థన నెయిలా అంతా నిలబడే విన్నాను.

వెళ్లదలచినవారు పాస్‌పోర్టులో ఉన్న పేరునే అక్షరం పొల్లుపోకుండా నమోదు చేయించుకోండి, పిలిచినవారితో కలిసే గేటు దాటండి. తోలు చెప్పులు వేసుకోకూడదు. గుడ్డ చెప్పులు చాలు. తెల్లచీర కట్టడానికి మనసొప్పనివారు లేతరంగుది కట్టినా ఎవరూ ఏమీ అనరు. విభూతి ఇంట్లో పెట్టి వెళ్లండి.

సోమవారం సాయంత్రం వారి పందిళ్ల పండుగ సుక్కోత్ మొదలవుతుంది. ఆకాశంలో చుక్కలు కనిపించేలా కొమ్మలు కప్పిన పందిరిలో ఏడు రోజులు భోజనాలు చేస్తారు. ఆ విందుకు ఈసారి ఫారం నేనే నింపి, వీసాలో ఉన్నది ఉన్నట్లు రాశాను. మొదటి పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ అని ఉంది, పొరపాటేమో సరిచేయగలరా అని సినగాగు కార్యాలయం నిన్న ఉత్తరం పంపింది.