నెట్‌వర్క్ కార్డు దగ్గర ఇరుక్కున్న మూడు వారాలు: నా అనుభవం

నిన్న రాత్రి పదకొండింటికి మా సీఎన్సీ మెషిన్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కను చెక్కే యంత్రం) నెమలి తలుపును ఎక్కడా ఆగకుండా చెక్కి ముగించింది. మూడు వారాల్లో ఇదే మొదటిసారి. ఒంటి మీద టేకు పొట్టు దులుపుకోకుండానే ఇది రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. వడ్రంగం మా ఇంటి పని. పాతపట్నం వైపు నుంచి కూడా తలుపులకు, పూజ మందిరాలకు ఆర్డర్లు వస్తాయి. మెషిన్‌ను నడిపే పాత కంప్యూటర్ చెడిపోతే, బరంపురంలో ఒక సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ కొన్నాను. దానికి పారలల్ పోర్ట్ (పాతకాలం ప్రింటర్ తీగ గుచ్చే చోటు) లేదు కాబట్టి ఈథర్‌నెట్‌తో, అంటే నెట్ తీగతో, పనిచేసే మెసా 7ఐ76ఈ బోర్డు పెట్టాను; కంప్యూటర్ మాటను మెషిన్ మోటార్లకు చేర్చేది అదే. డెబియన్ అనే లైనక్స్, సమయం తప్పకుండా పని చేయించే రియల్ టైమ్ కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ), మెషిన్‌ను నడిపే లైనక్స్‌సీఎన్సీ అన్నీ ఒక్క పూటలో ఎక్కేశాయి. కంప్యూటర్ ఎంత ఆలస్యం చేస్తుందో చూసే లేటెన్సీ పరీక్ష కూడా బాగానే వచ్చింది.

చెక్కడం మొదలుపెట్టాకే కష్టమంతా. పది నిమిషాలు చక్కగా నడిచేది, తర్వాత తెర మీద ‘ఎర్రర్ ఫినిషింగ్ రీడ్’ అని వచ్చి ఆగిపోయేది. ఒకసారి సరిగ్గా నెమలి మెడ దగ్గర ఆగింది. మంచి టేకు పలక పాడైంది.

నెట్ పోర్ట్ మీద అనుమానంతో, నాన్నను వెంటబెట్టుకుని కంప్యూటర్ కొన్న షాపుకి వెళ్లాను. యజమాని కూడా తెలుగువాడే. నెట్ తీగ గుచ్చి ఒక వీడియో ఆడించాడు. “ఇంటర్నెట్ వస్తోందిగా, పోర్ట్‌కేమైంది? ఉలి పట్టుకునేవాళ్లకి ఇవన్నీ ఎందుకు బాబూ, తెలిసినవాళ్లతో చేయించుకోండి” అన్నాడు. షాపులో నలుగురున్నారు. నలభై ఏళ్లుగా ఉలి పట్టిన మా నాన్న తల దించుకుని నిలబడ్డారు. వేరే కార్డు అడిగితే యూఎస్‌బీ అడాప్టర్ చేతిలో పెట్టి “రెండూ ఒకటే” అన్నాడు. దాంతో మెషిన్ రెండు నిమిషాలు కూడా నడవలేదు. వెనక్కి తీసుకోమంటే, ప్యాకెట్ విప్పేశారు కుదరదన్నాడు. తిరుగు బస్సులో నాన్న ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ రోజు నోట రాని జవాబు ఇప్పుడు చెబుతున్నాను. వీడియోకి డేటా ప్యాకెట్ (నెట్ తీగలో వెళ్లే సమాచారపు ముక్క) కాస్త ఆలస్యమైనా ఎవరికీ తెలియదు. మా మెషిన్‌కి ప్రతి 1 మిల్లీసెకనుకు, అంటే సెకనుకు 1,000 సార్లు, ప్యాకెట్ వెళ్లి జవాబు తిరిగి రావాలి. గడువు దాటితే ఆగిపోతుంది. వేగం ఎంతని కాదు, అన్నిటికంటే ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్ ఎంత ఆలస్యమైందన్నదే లెక్క. చాలా నెట్‌వర్క్ చిప్‌లు ప్రాసెసర్‌ను మాటిమాటికీ కదపకుండా, వచ్చిన ప్యాకెట్లను కాసేపు పోగేసి ఒకేసారి కబురు పెడతాయి. డౌన్‌లోడ్‌కి అది మంచిదే, మాకు మాత్రం ప్రాణాంతకం. యూఎస్‌బీ అయితే మధ్యలో ఇంకో మజిలీ చేరుతుంది.

చివరికి ఇంటెల్ 82574ఎల్ చిప్ ఉన్న, కంప్యూటర్ లోపలి స్లాట్‌లో గుచ్చే పీసీఐ ఎక్స్‌ప్రెస్ నెట్‌వర్క్ కార్డు తెప్పించాను. డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంది, ఈ1000ఈ. నెట్‌వర్క్ కార్డు సెట్టింగులు మార్చే ఇథ్‌టూల్ కమాండ్‌తో ఆర్ఎక్స్-యూసెక్స్ విలువ 0 చేసి ఆ పోగేయడం ఆపాను. కంప్యూటర్ ఆన్ కాగానే వచ్చే బయోస్ సెట్టింగుల్లో ప్రాసెసర్ నిద్రపోయే సీ-స్టేట్లు కూడా తీసేశాను. ఆ పోర్ట్‌కి 10.10.10.1 అని స్థిరమైన అడ్రస్ ఇచ్చి, మెసా బోర్డు తప్ప ఇంకేదీ తగిలించలేదు. ఇంటర్నెట్‌కి కంప్యూటర్ మదర్‌బోర్డు మీది పాత పోర్ట్ చాలు.

మీరూ ఇలాంటి కంప్యూటర్ కొనేటట్లయితే లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వెళ్లండి. డబ్బు ఇచ్చే ముందే ఎల్ఎస్‌పీసీఐ అనే కమాండ్ కొట్టి నెట్‌వర్క్‌కి ఏ చిప్పో చూడండి, కార్డుకి ఖాళీ స్లాట్ ఉందో లేదో కూడా చూడండి. షాపువాడి మాట మీద కొనకండి. రెండు వారాలు నేను కెర్నెల్ మారుస్తూ కూర్చున్నాను, తప్పు అక్కడ లేనే లేదు.

రాత్రి చెక్కడం పూర్తయ్యాక నాన్న నెమలి మెడ మీద అరచేయి పెట్టి మెల్లగా నిమిరారు. “మెడ దగ్గర గీత పడలేదురా” అన్నారు. ఉలి తీసుకుని కంటి అంచులు సరిచేయడానికి కూర్చున్నారు.